స్వీడన్ మేడమ్, మా శుక్రవారం బడి

దోహాలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి శుక్రవారమే ఆదివారం. ఇక్కడ సెలవు ఆ రోజు కాబట్టి ఆరాధన కూడా ఆ రోజే. ఆరాధనకు ముందు పక్క గదిలో పిల్లల బడి నడుస్తుంది. శుక్రవారం నడిచినా దాన్ని మేమంతా సండే స్కూలనే అంటాం. పాటలు, కథలు, కంఠత చేసే బైబిలు వాక్యాలు అయ్యాక ఆఖరి అరగంట పిల్లలకు తెలుగు చదవడం నేర్పే పని నాది. ఆ అరగంటను తీసేయాలని మా సంఘంలో మాట వచ్చింది. అది ఎలా నిలబడిందో చెప్పాలంటే ముందు ఒక స్వీడన్ రాజకీయ నాయకురాలి గురించి చెప్పాలి. ఆమెకు తెలుగు ముక్క రాదు. తన దేశంలో క్రిస్మస్‌కు తప్ప చర్చి గడప తొక్కదు. అయినా ఆ రోజుల్లో ప్రభువు మా దగ్గరికి పంపిన మనిషి ఆమేనని నాకు సందేహం లేదు. నమ్మినవాళ్ళనే పనిలో పెట్టుకుంటానని ఆయన ఎక్కడా మాట ఇవ్వలేదు.

నేను కోనసీమలో ఒక పాస్టరు గారి కూతుర్ని. మా ఇంట్లో పొద్దున కాఫీ కంటే ముందు కుటుంబ ప్రార్థన. నేను చదవడం నేర్చుకున్నది నాన్నగారి పెద్ద బైబిలు మీదే. తర్వాత టీచరు ట్రైనింగ్ చేశాను. పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం వల్ల దోహా వచ్చి, అల్ మన్సూరాలో కాపురం పెట్టి, టీచర్లకు శిక్షణ ఇచ్చే ఒక చిన్న సంస్థలో సెక్రటరీగా చేరాను. బడిలో పాఠం చెప్పే ఉద్యోగం దొరకలేదు. ఎందుకు దొరకలేదని అప్పట్లో ప్రార్థనలో కొంచెం గట్టిగానే అడిగాను.

ఆ సంస్థకు సలహాదారుగా ఆ స్వీడన్ నాయకురాలు వచ్చింది. అరవై దాటిన మనిషి. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, చదును చెప్పులు, ఎప్పుడూ భుజాన ఒక గుడ్డ సంచి. అల్ తుమామాలో ఇల్లు, కారు, డ్రైవరు ఇచ్చారు. ఆమె వెనక సీటు వదిలేసి డ్రైవరు పక్కన కూర్చునేది. ఆ డ్రైవరుకు అదొక ఇబ్బంది.

మొదటి రోజే నాతో అంది: "నన్ను పేరు పెట్టి పిలువు."

"నా వల్ల కాదు మేడమ్. మీది మా అమ్మ వయసు."

"మా దేశంలో ప్రధానమంత్రిని కూడా పేరుతోనే పిలుస్తారు."

"ఆయన గదిలో లేనప్పుడా?"

"ఆయన ఎదురుగానే."

"మేడమ్ అనే అంటానండి" అన్నాను. ఆమె నవ్వేసింది. "సరే, ఓడిపోయాను. నాకు అది అలవాటే" అంది.

ఆ అలవాటు సంగతి తర్వాత తెలిసింది. తన రాజకీయ జీవితం గురించి టీచర్లకు కొన్ని ప్రసంగాలు చేయమని సంస్థ వాళ్ళు ఆమెను అడిగారు. ఆమె గదిలో అటూ ఇటూ నడుస్తూ చెప్పేది, నేను టైపు చేసేదాన్ని. అలా ఆమె జీవితం నా వేళ్ళ మీదుగా నడిచింది.

ఆమె పుట్టింది స్వీడన్ ఉత్తరాన, చలికాలంలో మధ్యాహ్నానికే చీకటి పడే ఊళ్ళో. తండ్రి కలప కోసే మిల్లులో కూలీ. తల్లిది సరిహద్దు అవతలి భాష. ఆ తల్లి చిన్నప్పుడు బడిలో ఆ భాష మాట్లాడితే శిక్ష వేసేవారట. అందుకని ఆవిడ తన పిల్లలకు ఆ భాష అందనివ్వలేదు. చివరి రోజుల్లో జబ్బుపడి, నేర్చుకున్న స్వీడిష్ అంతా మరిచిపోయి, చిన్నప్పటి భాషలోనే ఏదేదో చెప్పిందట. మంచం పక్కన కూర్చున్న కూతురికి ఒక్క మాట అర్థం కాలేదు.

"ఇక్కడ ఫుల్‌స్టాప్ పెట్టు" అని ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. నేను పెట్టాను.

అప్పటికే ఆమె చిన్నపిల్లల టీచరు. స్వీడన్‌లో వేరే భాష మాట్లాడే ఇళ్ళ పిల్లలకు వాళ్ళ సొంత భాషలో కూడా పాఠం చెప్పించే హక్కు ఉంది. బడులను నడిపేది మున్సిపాలిటీలు. ఎప్పుడు పొదుపు మాట వచ్చినా ముందు కత్తెర పడేది ఈ పాఠం మీదే. దాన్ని కాపాడాలని ఆమె మున్సిపాలిటీ విద్యా సంఘంలో సభ్యురాలిగా చేరింది. ఓటింగులో ఓడిపోయింది. మళ్ళీ ఓడిపోయింది. ఆ తర్వాత గెలిచింది. అక్కడి నుంచి పార్లమెంటుకు వెళ్ళి విద్యా కమిటీలో ఏళ్ళ తరబడి కూర్చుంది.

అక్కడ పార్లమెంటులో సభ్యులు పార్టీల వారీగా కూర్చోరట. ఏ జిల్లా వాళ్ళు ఆ జిల్లా వాళ్ళ పక్కన. అందుకని ఆమె పక్క కుర్చీలో ఎప్పుడూ తన మాటకు అడ్డం వచ్చే ఎదుటి పార్టీ ఆయన ఉండేవాడు. ఆయనకు దగ్గు. ఆమె సంచిలో దగ్గు బిళ్ళలు ఉండేవి. బిళ్ళ ఇచ్చేటప్పుడల్లా ఒక బడి కథ చెప్పేది. చివరికి మాతృభాష పాఠం గురించి చట్టంలో ఒక వాక్యం చేర్చే రోజున ఆయన ఆమె వైపు ఓటు వేశాడు.

"ఆ వాక్యం ఇంకా ఉందా మేడమ్?"

"ఉంది. తర్వాతి ఎన్నికల్లో నేను ఓడిపోయాను. అది ఉంది."

ఇదంతా టైపు చేస్తున్న రోజుల్లోనే మా సంఘంలో గొడవ మొదలైంది.

మా సంఘ పెద్దల్లో అందరూ మాట వినేది ఒకాయనది. కరీంనగర్ వైపు మనిషి, రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో సూపర్‌వైజరు. షిఫ్టు దిగి బస్సులో వచ్చి, కళ్ళు మూతలు పడుతున్నా ఆరాధనకు ముందు వరసలో ఉండే విశ్వాసి. నన్ను చెల్లెలిలా చూసేవాడు. పెద్దల మీటింగులో ఆయనే లేచాడు.

"చెల్లె, తప్పు పట్టకు. పిల్లలకు బడిల ఇంగ్లీషు, హిందీ, అరబీ. ఇంట్ల ట్యూషను. గీడ మల్ల నీ అఆలు. ఎప్పుడు ఆడుకోవాలె వాళ్ళు? ఫుర్సత్ మాఫీ, తీరికే లేదు."

"అరగంటే కదన్నా."

"గా అరగంట ఇంగ్లీషుల వాక్యం జెప్పిస్తే సమజైతది. తెలుగు వాక్యాలంటవా, మా బిడ్డను సూడు. కీర్తనకు కీర్తన గడగడ సదువుతది. నీ క్లాసుకు ఒచ్చింది ఎన్నిసార్లు? దేవుడే నేర్పిచ్చిండు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వచ్చే శుక్రవారం కాక ఆపై శుక్రవారం ఆరాధన తర్వాత సంఘమంతా చేతులెత్తి తేల్చాలని నిర్ణయమైంది. బడి పోతే ఈ పిల్లలకు తెలుగులో వాక్యం చెవికే గాని కంటికి ఎన్నటికీ దొరకదని నాకు తెలుసు. నాకది చిన్న విషయం కాదు.

మధ్యలో వచ్చిన శుక్రవారం సంఘ వార్షికోత్సవం. మేడమ్‌ను పిలిచాను, వచ్చింది. మా వాళ్ళు ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. సన్మానం అయ్యాక అందరూ మడిచి ఒళ్ళో పెట్టుకుంటారు. ఏసీ చలికి ఆమె ఆ శాలువాను చివరిదాకా కప్పుకునే ఉంది. మా ఆడవాళ్ళకు అది ఎంతగానో నచ్చింది. రాస్ లఫాన్ అన్న కూతురు, నాలుగో తరగతి పిల్ల, తెల్ల గౌను వేసుకుని, రెండు చేతుల్లో బైబిలు తెరిచి పట్టుకుని, కాపరి గురించిన కీర్తన మొదలు నుంచి చివరిదాకా తడబడకుండా చెప్పింది. హాలంతా స్తోత్రాలు.

బయటికి వచ్చాక మేడమ్ అంది: "ఆ పాప చదవలేదు."

"ఎంత బాగా చెప్పింది మేడమ్."

"చెప్పింది. కళ్ళు మాత్రం వాళ్ళ నాన్న మీద ఉన్నాయి. పుస్తకం చివరి పేజీల దగ్గర ఎక్కడో తెరిచింది."

నాకు కొత్త కాదది. మా తల్లులు వాక్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఫోనులో రాసిస్తారు, పిల్లలు ఇంట్లో బట్టీ పడతారు. వాక్యం చెప్పేటప్పుడు చేతిలో బైబిలు తెరిచి ఉండాలన్నది మా మర్యాద. చూసేవాళ్ళకు చదువుతున్నట్టే ఉంటుంది. తండ్రులు డ్యూటీల్లో ఉంటారు, వాళ్ళకు తెలియదు. అందువల్లే మా వాళ్ళకు నా బడి దండగలా కనిపించింది.

మరుసటి ఆదివారం ఆఫీసులో మేడమ్‌తో నా ఆలోచన చెప్పాను. ఓటింగు రోజున అందరి ముందు ఆ పిల్లకు వేరే పేజీ తీసి ఇస్తాను. చదవమంటాను. అంతే, తేలిపోతుంది.

ఆమె చేతిలో కరక్ టీ కప్పు కింద పెట్టింది.

"నేను మొదటిసారి ఓటు ఎలా గెలిచానో నీకు చెప్పలేదు. ఇది టైపు చేయకు" అంది. "ఒక పాపను మీటింగుకు తీసుకెళ్ళాను. పాఠాలు ఆపేశాక ఈ పాప సొంత భాషలో ఏమీ చదవలేకపోతోంది, చూడండి అని అందరి ముందు చదివించాను. పాప నిలబడి ఏడ్చింది. సభ్యులు కరిగిపోయారు. గెలిచాను. పాఠాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ పాప ఒక్కరోజు కూడా రాలేదు. వాళ్ళ నాన్న నన్ను చూస్తే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాడు. అప్పటి నుంచి పిల్లలను సాక్ష్యంగా నిలబెట్టలేదు. పెద్దవాళ్ళ పక్కన కూర్చోవడం నేర్చుకున్నాను."

నేను తల వంచుకున్నాను. మందలో ఒక్క గొర్రెపిల్ల కోసం వెనక్కి వెళ్ళిన కాపరి కథ చెప్పి పెంచిన ఇంటి పిల్లను నేను. అలాంటిది అన్న కూతురినే మెట్టు చేసుకోవాలని చూశాను.

ఆమే మళ్ళీ అంది: "మా దేశంలో బడులు రాకముందే జనానికి చదువు వచ్చు, తెలుసా? చర్చి వల్ల. ఏటా పాస్టరు ఊళ్ళోకి వచ్చి, ఇంటివాళ్ళందరినీ కూర్చోబెట్టి, చదివించి చూసేవాడు. పుస్తకంలో చూసి చదవడం వేరు, చూడకుండా ఒప్పజెప్పడం వేరు. రెండూ విడివిడిగా పరీక్షించేవాడు. మా ముత్తవ్వకు పాస్టరు వస్తున్నాడంటే జ్వరం వచ్చేదట."

"ఇళ్ళకే వచ్చేవారా?"

"ఇళ్ళకే."

నా లోపల ఒక దీపం వెలిగినట్టయింది. మాకు ఇంటి ప్రార్థనలు ఉన్నాయి. వారంలో ఒక ఇంట్లో సంఘం వాళ్ళు కొందరు చేరి పాడి, ప్రార్థించి, భోంచేసి వెళ్తాం. అక్కడ స్టేజీ ఉండదు, మైకు ఉండదు.

ఆ సాయంత్రమే మా పాస్టరు అయ్యగారికి ఫోను చేశాను. ఇళ్ళల్లో ప్రార్థన అయ్యాక ఆ ఇంటి పిల్ల తనకు నచ్చిన చోట బైబిలు తెరిచి చదవాలి. ఇంటివాళ్ళు, మీరు, నేను తప్ప ఎవరూ ఉండొద్దు. చేతులెత్తడం ఆ తర్వాతే పెట్టండి అని అడిగాను.

"పరీక్షా అమ్మా?" అన్నారాయన.

"పరిచయం అండి" అన్నాను.

"పెద్దలు ఒప్పుకోవాలి కదమ్మా" అంటూనే ఆయన రాస్ లఫాన్ అన్నకు ఫోను కలిపారు. అన్న ఒక్క నిమిషం ఆలోచించలేదు.

"మా ఇంటికెల్లే షురూ జేయుండ్రి అయ్యగారు. మా బిడ్డ సదువుడు జూసినంక చెల్లె తనే క్లాసు బంద్ జేస్తది. యల్లా, కానియ్యుండ్రి."

అల్ మన్సూరాలో వాళ్ళ ఫ్లాటు మా వీధికి అవతలి వీధి. సాయంత్రం ప్రార్థన అయ్యింది. వంటింట్లోంచి బగారా అన్నం వాసన. మిగతా వాళ్ళు తిని వెళ్ళాక, పాస్టరు గారు సోఫాలో, అన్న కుర్చీలో, వదిన గుమ్మం దగ్గర. కింద చాప మీద పిల్ల. నేను వెళ్ళి అన్న కుర్చీ పక్కనే చాప మీద కూర్చున్నాను. ఎదురుగా కూర్చోకూడదని అనుకునే వెళ్ళాను.

"నీకిష్టమైన చోట తెరువమ్మా" అన్నారు పాస్టరు గారు.

పిల్ల ఏదో ఒక చోట తెరిచి, కాపరి కీర్తన గడగడా చెప్పేసింది. అన్న నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు.

"అది నీకు బాగా వచ్చమ్మా. ఇప్పుడు నువ్వు తెరిచిన చోట ఏముందో చెప్పు."

పిల్ల పేజీని చూసింది. తల్లిని చూసింది.

"సదువు బిడ్డా" అన్నాడు అన్న.

"డాడీ, ఇది మమ్మీ పంపలే."

"పంపుడేంది?"

వదిన కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది. "ఫోన్ల ఇంగ్లీషు అక్షరాలల్ల రాసిస్తనయ్యా. అది జూసి యాద్ జేస్తది. నువ్వు డ్యూటీకెల్లి ఒచ్చి వింటవు, మెచ్చుకుంటవు, పంటవు."

"నాకెందుకు జెప్పలే?"

"నువ్వు అడిగినవా? కీర్తన ఒచ్చిందా అని అడిగినవు. ఒచ్చిందన్న."

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరగడం మొదలైంది. అప్పుడు నాకు మేడమ్ చెప్పిన పాప గుర్తొచ్చి భయం వేసింది. మనసులో ప్రభువును పిలిచి, పిల్ల చేతుల్లో పుస్తకాన్ని నా వైపు తిప్పుకుని కాపరి కీర్తన ఉన్న పేజీ తీశాను.

"అన్నా, ఇది పాప నోటికి వచ్చు. ఇక కంటికి చూపిస్తే చాలు. ఇంతవరకు పడ్డ కష్టం ఏమీ పోలేదు. సగం పని అయిపోయింది."

"గట్లనా?" అన్నాడు ఆయన, చాలా చిన్న గొంతుతో.

"పాపా, నువ్వు మెల్లగా చెప్పు. నాన్న వేలు పెడతారు."

అన్న కుర్చీ దిగి చాప మీద కూర్చున్నాడు. గ్యాస్ ప్లాంటులో వాల్వులు తిప్పి తిప్పి గట్టిపడిన వేలు మొదటి మాట కింద పెట్టాడు. పిల్ల చెప్పింది, వేలు జరిగింది. రెండో వరస దాటాక పిల్ల ఆగిపోయి, తండ్రి వేలును పక్కకు నెట్టి, కింద ఇంకో చోట తన వేలు పెట్టింది.

"డాడీ, పైన ఉన్న మాటే. ఈడ గూడ ఉంది."

నిజంగానే ఉంది. ఎవరూ చూపించలేదు. "స్తోత్రం" అన్నారు పాస్టరు గారు. వదిన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం, ఇంతవరకు నా ప్రార్థనల్లో అడిగిన ఏ సంతోషం కంటే పెద్దది.

మేం బయల్దేరేటప్పుడు అన్న లిఫ్టు దాకా వచ్చాడు. "చెల్లె, అరగంట సరిపోతదా?" అని మాత్రం అడిగాడు.

చేతులెత్తడం వాయిదా వేసి, ఆ తర్వాత కొన్ని వారాల పాటు చాలా ఇళ్ళు తిరిగాం. ఒక ఇంట్లో నిజంగా చదవడం వచ్చిన పిల్లలు ఉన్నారు; వాళ్ళమ్మ మెడ ఎత్తిన తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మిగతా ఇళ్ళల్లో కథ ఒకటే. ప్రతి ఇంట్లోనూ కంఠత వచ్చిన వాక్యమే మాకు మొదటి పాఠం అయింది. ఏ పిల్లా ఏడవలేదు.

చేతులెత్తే శుక్రవారం వచ్చింది. ఆరాధన అయ్యాక పాస్టరు గారు మాట పెట్టక ముందే రాస్ లఫాన్ అన్న లేచాడు.

"క్లాసు వద్దన్నది నేను. ఇయ్యాల నేనే అంటున్న, అరగంట గాదు, గంట కావాలె. ఇంకోటి. మా ప్లాంటు కూలీల క్యాంపుల తమ్ముళ్ళు సగం మంది ఫోన్ల వాక్యం ఇంటున్నరు గని వాళ్ళకు సదువరాదు. సిగ్గు పడి చెప్తలేరు. పిల్లల ఎన్క బెంచీ వేస్తే వాళ్ళు గూడ కూసుంటరు. నేను బస్సుల తోలుకొస్త."

"టీచరు ఒక్కతే కదన్నా" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఎందుకు, మీ ఇంట్లకెల్లి వదినెను పంపు. ఇంటర్ పాసైంది, ఖాళీగ రీల్స్ జూస్తది."

హాలు నవ్వుతో నిండిపోయింది. ఆ నవ్వులోనే చేతులు లేచాయి. చేయి లేవని వరస నాకు కనబడలేదు.

ఆదివారం ఆఫీసుకు వెళ్ళగానే మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న: "వ్యతిరేకంగా ఎంతమంది?"

"ఎవరూ లేరు మేడమ్."

"ఎవరూనా?" ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా అలా జరగలేదు." ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం పెళ్ళికూతురి తల్లి మొహంలా ఉంది. తర్వాత ప్రసంగాల చివర ఒక పేజీ చేర్చమంది. దోహాలో ఒక తెలుగు సంఘం తన కంటే బాగా గెలిచిందని, ఒక్క పిల్లను కూడా పోగొట్టుకోకుండా గెలిచిందని చెప్పింది. ఆ పేజీ టైపు చేస్తుంటే అక్షరాలు మసకబారి రెండుసార్లు ఆపాల్సి వచ్చింది.

ఏడాది తిరక్కముందే ఆమె ఒప్పందం ముగిసింది. సొంత ఊరి మున్సిపాలిటీకి మళ్ళీ పోటీ చేయమని వాళ్ళ పార్టీ వాళ్ళు అడిగారట. ఒప్పుకుంది.

"పార్లమెంటు చూసి వచ్చాక మళ్ళీ మున్సిపాలిటీయా మేడమ్?"

"బడులు అక్కడే కదా ఉన్నాయి" అంది. ఆ ఎన్నికలో ఆమె గెలిచింది. ఇప్పుడు ఆ ఊరి విద్యా సంఘానికి ఆమే అధ్యక్షురాలు. కబురు తెలిసిన శుక్రవారం మా సంఘంలో కృతజ్ఞతా ప్రార్థన చేయించాను. ఆమె ఫోనులో విని, "నాకు అర్హత లేదేమో" అంది. అర్హత ఎవరికి ఉంది గనక అన్నాను.

ఆమె వెళ్ళేముందు ఆఖరి శుక్రవారం మా ఆరాధనకు వచ్చి వదిన పక్కన కూర్చుంది. ఆ రోజు పెద్దల ఆరాధనలో వాక్యం చదివే వంతు అన్న కూతురిది. ఏ భాగమో ఇంటికి ముందుగా చెప్పలేదు. పాస్టరు గారు అప్పటికప్పుడు పేజీ తీసి ఇచ్చారు. పిల్ల మైకు ముందు నిలబడి, తల వంచి, వేలు పెట్టి, ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివింది. గడగడ లేదు. వార్షికోత్సవంలో కీర్తన ఒప్పజెప్పడానికి పట్టినదానికి నాలుగింతలు పట్టింది. మధ్యలో ఒక పెద్ద మాట దగ్గర ఆగిపోయింది.

మా సంఘంలో పిల్లలు వాక్యం మరిచిపోతే పది మంది ఒకేసారి అందిస్తారు. అది మా ప్రేమ. ఆ రోజు ముందు వరసలో అన్న పెదాలు కదిలాయి, ఆగాయి. వదిన మేడమ్ చేయి పట్టుకుంది. ఎవరూ అందించలేదు. అందరం ఆ పిల్ల కోసం ఆగాం. పిల్ల వేలు ఒక అక్షరం వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకు వచ్చి, ఆ మాటను తనంతట తానే పూర్తిగా చదివి, తర్వాతి వరసలోకి వెళ్ళింది.